చికిత్సకు వెళ్లిన పిల్లల పేర్లు హాజరుపట్టీలోంచి కొట్టేయకండి

గౌరవనీయులైన విద్యాశాఖ అధికారులకు, పరీక్షల బోర్డుల బాధ్యులకు, పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు, పిల్లల డీఅడిక్షన్ కేంద్రాల నిర్వాహకులకు,

నమస్కారం.

నేను లెక్కల టీచర్ని. రిటైరయ్యాక, వ్యసనాల్లో పడ్డ టీనేజీ పిల్లల్ని లోపలే ఉంచి చికిత్స చేసే ఒక కేంద్రంలో రోజూ సాయంత్రం గంటన్నర పాఠం చెబుతున్నాను. ఈ విషయం మీద ఇప్పటికి మూడు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి ‘అందినది’ అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. రెండోది రెండు ఆఫీసుల మధ్య తిరిగింది. చికిత్స కాబట్టి ఆరోగ్యశాఖ చూడాలని ఒకరు, చదువు కాబట్టి విద్యాశాఖ చూడాలని ఇంకొకరు. మూడోదానికి ఆ మాత్రం జవాబూ లేదు. గోడకు చెప్పుకున్నట్టయింది. అందుకే ఈసారి పదిమందీ చదివేలా రాస్తున్నాను.

నేను అడిగేది చిన్నదే. పిల్లవాడు చికిత్సలో ఉన్నన్నాళ్లూ బడితో వాడి సంబంధం తెగిపోకూడదు. తెగితే, మూడు నెలలు కష్టపడి నిలబెట్టిన పిల్లవాణ్ణి మళ్లీ ఆ పాత సావాసంలోకి మనమే తోసినవాళ్లమవుతాం.

ఒక లెక్క చూడండి. కేంద్రంలో ఉంటూ గానీ, వచ్చిపోతూ గానీ తీసుకునే చికిత్స 90 రోజుల కంటే తక్కువైతే ప్రయోజనం పరిమితమేనని అమెరికాలో మత్తు వ్యసనాల మీద పరిశోధన చేసే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆన్ డ్రగ్ అబ్యూస్ తన చికిత్సా సూత్రాల్లో చెప్పింది. 90 రోజులంటే దాదాపు 13 వారాలు. సెలవులు పోగా 60, 65 పనిదినాలు. బడి ఏడాదికి 200 రోజులు నడుస్తుందనుకుంటే, మూడో వంతు చదువు పోయినట్టే. చరిత్రలో ఒక పాఠం పోతే తర్వాతి పాఠం చదువుకోవచ్చు. లెక్కల్లో అలా కుదరదు. కారణాంకాలు రాని పిల్లవాడికి వర్గ సమీకరణాలు రావు, అవి రాని పిల్లవాడికి ఆ పైన ఏదీ రాదు. మూడో వంతు పోయినవాడు మిగతా రెండు వంతులూ క్లాసులో కూర్చునే పోగొట్టుకుంటాడు.

ఇది కాగితం మీద వేసిన లెక్క మాత్రమే కాదు, కళ్లారా చూశాను. పదిహేనేళ్ల ఒక అబ్బాయి (గుర్తుపట్టే వివరాలు మార్చాను) మూడు నెలలు మా దగ్గర ఉండి, బాగుపడి, ఇంటికి వెళ్లాడు. వెళ్లేటప్పుడు వాళ్లమ్మ ఏడ్చింది, మేమూ ఏడ్చాం. ఏడు నెలలకు మళ్లీ వచ్చాడు. నేను ఏమీ అడగలేదు. వాడే చెప్పాడు. “సార్, అది గుర్తొచ్చి కాదు సార్. బడికి వెళ్లిన రోజే, ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావని అందరి ముందూ అడిగారు. టైఫాయిడ్ అన్నాను. మూడో రోజు టెస్ట్ పెట్టారు. ఖాళీ కాగితం ఇచ్చాను. ఆ తర్వాత రోజూ ఆరు పీరియడ్లు ఏమీ అర్థం కాకుండా కూర్చోవడం నా వల్ల కాలేదు. బయట ఆ బ్యాచ్ దగ్గరైతే ఎవరూ నన్ను మార్కులు అడగరు కదా సార్.” వాడు పదకొండు రోజులు బడికి వెళ్లాడట. పన్నెండో రోజు బ్యాగు వేసుకుని బయల్దేరాడు గానీ గేటు దాకా వెళ్లి పక్కకు తిరిగాడు.

ఆ పదకొండు రోజుల్లో ఆ బడిలో ఎవరూ తప్పు చేయాలని చేయలేదు. టెస్ట్ పెట్టిన టీచరుకు వాడెక్కడి నుంచి వచ్చాడో తెలియదు. నేను సర్వీసులో ఉన్నప్పుడు ఇలాంటి పిల్లల్ని ఎంతమందిని అలా నిలబెట్టి అడిగానో నాకూ తెలియదు.

డాక్టర్లు, కౌన్సెలర్ల అభ్యంతరం కూడా చెప్పాలి. “ముందు మత్తు వదలనివ్వండి, చదువు టెన్షన్ ఇప్పుడెందుకు?” అంటారు. మొదటి వారం వరకు ఆ మాట నూటికి నూరు పాళ్లూ నిజం. మద్యం గానీ నల్లమందు జాతి మత్తు గానీ ఆపిన మొదటి రెండు మూడు రోజులు ఒళ్లు అల్లాడిపోతుంది. సాధారణంగా వారానికి తెరిపిన పడతారు. నిద్ర కుదుటపడటానికి ఇంకా చాలా రోజులు పడుతుంది. ఆ స్థితిలో ఉన్నవాడి ముందు పుస్తకం పెట్టడం అమానుషం. కానీ ఆ తర్వాత? 2018లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనంలో, గంజాయి వాడే 16 నుంచి 25 ఏళ్ల వాళ్లు నెల రోజులు మానేస్తే, కొత్త విషయం నేర్చుకుని గుర్తుపెట్టుకునే శక్తి మెరుగుపడింది. అందులో ఎక్కువ భాగం మొదటి వారంలోనే కనిపించింది. ఏకాగ్రతలో మాత్రం తేడా లేదు. నా గదిలో నేను చూసేదీ దాదాపు అదే. నిన్న చెప్పింది ఇవాళ గుర్తుంటుంది. కానీ ఇరవై నిమిషాలు దాటితే చూపు కిటికీలోంచి బయటికి పోతుంది. అందుకే గంటన్నరను ముక్కలు చేసుకున్నాను. మధ్యమధ్యలో లేచి తిరగనిస్తాను.

మా గదిలో పాఠం ఎలా జరుగుతుందో కాస్త చెప్పనివ్వండి, ఎందుకంటే మీలో చాలామంది అలాంటి గది చూసి ఉండరు. పిల్లలు తెచ్చుకున్న జామెట్రీ బాక్సు గేటు దగ్గరే ఖాళీ అవుతుంది. వృత్తలేఖిని, విభాగిని మొనలుంటాయి కాబట్టి తీసేస్తారు. షార్ప్‌నర్‌లో బ్లేడుంటుంది, అదీ రాదు. పెన్సిళ్లు నేనే ఇంటి దగ్గర చెక్కి తెస్తాను. నోటుపుస్తకాల పిన్నులు పీకేసి దారంతో కుడతాం. జిగురు, పర్మనెంట్ మార్కరు, వైట్‌నర్ లోపలికి రావు. మా పిల్లల్లో కొందరి జబ్బు పేరే వైట్‌నర్ పీల్చడం. తప్పు రాస్తే ఒక గీత కొట్టి పక్కన మళ్లీ రాయడమే. ఇవన్నీ సరైన నిబంధనలే, నాకు ఫిర్యాదు లేదు. కానీ వృత్తం గీయడం ఎలా? పోయిన ఏడాది ఒకడు అట్టముక్కను పట్టీలా చింపి, పెన్సిల్ మొనతో సెంటీమీటరుకొకటి చొప్పున ఏడు చిల్లులు పొడిచాడు. మొదటి చిల్లులో మొద్దు పెన్సిల్ నిలబెట్టి, కావలసిన చిల్లులో చెక్కిన పెన్సిల్ పెట్టి తిప్పాడు. నాలుగు సెంటీమీటర్ల వ్యాసార్ధంతో చక్కటి వృత్తం వచ్చింది. అప్పటికి రెండు వారాల క్రితం చేతులు వణికి గ్లాసు పట్టుకోలేనివాడు వాడు. ఆ పట్టీని ఇప్పటికీ కొత్తగా వచ్చిన పిల్లలు వాడుతున్నారు. చదువు వల్ల టెన్షన్ పెరుగుతుందనేవాళ్లు ఆ సాయంత్రం వాడి ముఖం చూసి ఉండాల్సింది.

ఇక అసలు విషయానికి వస్తాను.

1. చికిత్సకు వెళ్లిన రోజులను వైద్య సెలవుగా రాయండి. ఇన్ని రోజులు రాకపోతే పేరు తీసేయాలనే నిబంధన ఈ పిల్లలకు వర్తించకూడదు, హాజరు తక్కువైందని పరీక్షకు ఆపకూడదు. ఈ ఒక్క నిబంధన వల్ల కుటుంబాలు ఏం చేస్తున్నాయో మీకు తెలియాలి. జబ్బు బయటపడ్డాక కూడా ‘పరీక్షలయ్యాక చూద్దాం’ అని నెలల తరబడి ఆగుతున్నారు. జబ్బు పరీక్షల టైంటేబుల్ చూసి ఆగదు. ఆగలేక చేర్పించినవాళ్లు, ఫీజు కట్టే గడువు వచ్చిందనో, సంవత్సరం పోతుందనో నలభయ్యో రోజే పిల్లవాణ్ణి తీసుకుపోతున్నారు. అడ్డుచెప్పిన కౌన్సెలరుతో ఒక తండ్రి అన్న మాట ఇది: “సార్, చికిత్స మళ్లీ ఎప్పుడైనా చేయించుకోవచ్చు, ఏడాది పోతే మళ్లీ రాదు.” ఆయన మూర్ఖుడు కాడు. రెండింట్లో ఒకటే తీసుకో అని మనం పెట్టిన బేరంలో తనకు తోచింది తీసుకున్నాడు.

2. జబ్బు పేరు అడగకండి. బడికి ఇచ్చే సర్టిఫికెట్‌లో పిల్లవాడు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా వైద్య చికిత్సలో ఉన్నాడని ఉంటే చాలు. ఇప్పుడు కేంద్రాలు తమ లెటర్‌హెడ్ మీదే ఇస్తున్నాయి. పైన పెద్ద అక్షరాలతో ‘డీఅడిక్షన్’ అని ఉంటుంది. ఆ కాగితం ఆఫీసు బల్ల మీద మధ్యాహ్నం దాకా ఉంటే సాయంత్రానికి బడంతా తెలిసిపోతుంది. అందుకే చాలామంది తల్లిదండ్రులు ఏ కాగితమూ ఇవ్వరు, ఊరు వెళ్లాడని అబద్ధం చెబుతారు. అప్పుడు వైద్య సెలవు ఉన్నా లేనట్టే. పేరు చూస్తే డీఅడిక్షన్ కేంద్రమని తెలియని సాదా సర్టిఫికెట్ నమూనా ఒకటి రెండు శాఖలూ కలిసి తయారుచేయండి. దాన్ని ప్రధానోపాధ్యాయులూ, ఇంకొక టీచరూ తప్ప మూడో మనిషి చూడకూడదని రాయండి.

3. పాఠం కాగితం మీద ఇవ్వండి. పిల్లవాడి పుస్తకాలు, ఈ మూడు నెలల్లో ఏ పాఠాలు అవుతాయో ఒక పట్టిక ఇమ్మని బడికి ఫోన్ చేస్తే, “అన్నీ వాట్సాప్ గ్రూప్‌లో పెడుతున్నాం, లింకు పంపుతాం” అంటారు. లోపల ఫోన్ ఉండదు. ఉండకూడదు కూడా. పాత సావాసం, సరుకు అందించేవాడు, ఇద్దరూ ఆ ఫోన్‌లోనే ఉంటారు. గేమింగ్ వ్యసనంతో వచ్చినవాడికైతే ఆ తెరే జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో గేమింగ్ డిజార్డర్‌ను చేర్చింది, ఆ జాబితా 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. వాడికి తెర మీద పాఠం చెబుతామనడం, తాగుడు మానిపించడానికి బారులో కూర్చోబెట్టడం లాంటిది. నెలకు ఒక పేజీ రాసివ్వండి. ఏ సబ్జెక్టులో ఏ పాఠం దాకా అయింది, వదిలేసినా ఫరవాలేనిది ఏది, రాకపోతే ముందుకు సాగనిది ఏది. ఒక టీచరుకు అది పది నిమిషాల పని. ముప్ఫై అయిదేళ్లు ఆ ఉద్యోగం చేశాను కాబట్టి చెబుతున్నాను.

4. పరీక్షలు. ఫారం నింపే గడువు, ఫీజు గడువు చికిత్సలో ఉన్నవాళ్లకు పొడిగించండి. పబ్లిక్ పరీక్ష మధ్యలో వస్తే కేంద్రం మనిషి వెంట వచ్చి రాయించుకుపోవడానికి అనుమతివ్వండి, లేదా సప్లిమెంటరీలో రాసినా మెమోలో తేడా కనబడకుండా చూడండి. ప్రాజెక్టులు, ఇంటర్నల్ మార్కులకు లోపల చేసిన పనిని లెక్కలోకి తీసుకోండి.

5. ఇది కేంద్రాల నిర్వాహకులకు. చదువును బహుమానంగానో శిక్షగానో వాడకండి. ‘గ్రూప్ కౌన్సెలింగ్‌లో మాట్లాడలేదు కాబట్టి ఇవాళ క్లాసు లేదు’ అనే మాట నేను రెండు మూడు సార్లు విన్నాను. ఆకలేసినవాడికి అన్నం ఆపినట్టే అది. అలాగని పిల్లలూ తక్కువవాళ్లు కారు. గ్రూప్ సెషన్‌లో తన గురించి చెప్పుకోవాల్సిన రోజున సరిగ్గా అదే గంటలో లెక్కల హోంవర్క్ గుర్తొచ్చేవాళ్లున్నారు. అలాంటప్పుడు పుస్తకం మూయించి నేనే పంపిస్తాను. చికిత్స గంట చికిత్సకే, చదువు గంట చదువుకే. పదమూడేళ్లవాణ్ణీ పదిహేడేళ్లవాణ్ణీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి ఒకే పాఠం చెప్పమనడం మానండి. జీతం ఇచ్చి టీచర్ని పెట్టండి. నాలాంటి రిటైరైనవాళ్ల ఓపిక మీద ఇది ఎన్నాళ్లు నడుస్తుంది? కలవడానికి వచ్చే తల్లిదండ్రులకూ ఒక మాట చెప్పండి: ఆ అరగంటలో మార్కుల సంగతి ఎత్తవద్దని.

6. తిరిగి బడికి వెళ్లే రోజు. నా దృష్టిలో అన్నింటికంటే ముఖ్యం ఇదే, దీని గురించే ఎవరూ ఆలోచించరు. డిశ్చార్జికి రెండు వారాల ముందే బడి టీచరొకరు, కేంద్రం కౌన్సెలరు, తల్లిదండ్రులు, పిల్లవాడు కలిసి కూర్చోవాలి. మొదటి రెండు వారాలు ఒంటిపూట బడి చాలు. మొదటి నెల టెస్టుల్లో మార్కులు లెక్కించవద్దు. కౌన్సెలింగ్‌కు వెళ్లాల్సిన రోజున ముందుగా పంపించాలి, దానికి ప్రతివారం లీవ్‌లెటర్ రాయించుకోవద్దు. అందరి ముందూ బ్యాగు వెతకవద్దు. ‘ఎక్కడికి పోయావ్’ అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో వాడూ వాడి టీచరూ ముందే అనుకుని ఉండాలి, ఇద్దరూ ఒకే మాట చెప్పాలి. ఉక్కిరిబిక్కిరి అయినప్పుడు క్లాసు నుంచి లేచి వెళ్లి కూర్చోవడానికి బడిలో ఒక మనిషి, ఒక కుర్చీ ఉండాలి. ఇందులో ఖర్చయ్యేది ఏదైనా ఉందా? అమెరికాలో ఇంకో అడుగు ముందుకేసి, వ్యసనం నుంచి కోలుకుంటున్న పిల్లల కోసమే రికవరీ హైస్కూళ్లు నడుపుతున్నారు. 2018లో అచ్చయిన ఒక పరిశీలనలో, చికిత్స తర్వాత ఆ బడుల్లో చదివినవాళ్లలో 59 శాతం ఆరు నెలలకు మద్యం, గంజాయి, ఇతర మత్తులన్నిటికీ పూర్తిగా దూరంగా ఉన్నారు. మామూలు బడులకు వెళ్లినవాళ్లలో అలా ఉన్నది 30 శాతమే. ఆ బడుల్ని ఎంచుకున్న కుటుంబాలు మొదటినుంచే ఎక్కువ పట్టుదల ఉన్నవేమో, అది వేరే సంగతి. అయినా ఆ తేడా కొట్టిపారేయదగ్గది కాదు. ప్రత్యేక బడులు కట్టమని నేను అడగడం లేదు. ఉన్న బడిలో ఒక కుర్చీ అడుగుతున్నాను.

7. మళ్లీ జారితే బడి నుంచి గెంటేయకండి. వ్యసనం నుంచి కోలుకునేవాళ్లలో 40 నుంచి 60 శాతం మంది మళ్లీ ఒకసారైనా జారుతారనీ, ఇది రక్తపోటు, ఉబ్బసం జబ్బులు తిరగబెట్టే తీరుతో పోల్చదగినదేననీ నేను పైన చెప్పిన అమెరికా సంస్థే అంటోంది. ఉబ్బసం తిరగబెట్టిందని ఏ బడీ టీసీ చేతిలో పెట్టదు. తోటిపిల్లలకు అమ్మినవాడి సంగతి వేరు, మిగతా పిల్లల భద్రత చూడాల్సిందే. కానీ తానే జారి, తానే వచ్చి చెప్పిన పిల్లవాడికీ అదే శిక్ష అయితే, ఇక ముందు ఏ పిల్లవాడూ నోరు తెరిచి చెప్పడు.

8. చికిత్సకు రాకముందే బడి మానేసిన పిల్లలూ ఉన్నారు. వాళ్లకు మళ్లీ తొమ్మిదో తరగతిలో చేరమంటే కుదరదు. దూరవిద్య ద్వారా పరీక్ష రాయడానికీ, ఏదైనా పని నేర్చుకోవడానికీ కేంద్రంలో ఉండగానే పేరు నమోదు చేయించండి.

ఇవేవీ దయతలచి చేసేవి కావు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 28వ అధికరణం చదువు హక్కు గురించి, 33వ అధికరణం పిల్లల్ని మత్తు పదార్థాల నుంచి కాపాడటం గురించి. ఒకే కాగితంలో కొన్ని పేజీల తేడాలో ఉన్న ఈ రెండూ ఆఫీసుల దగ్గరికి వచ్చేసరికి రెండు భవనాల్లో ఉంటున్నాయి. ఆసుపత్రిలో ఉన్న పిల్లలకు వాళ్ల వయసుకూ ఆరోగ్యానికీ తగ్గ చదువు, ఆటపాటలు ఉండాలని 1988లోనే నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఐరోపా దేశాల సంఘాలు కూర్చుని రాసుకున్నాయి. కాలు విరిగి మంచాన పడ్డ పిల్లవాడికి నోట్సు రాసిచ్చే స్నేహితుడుంటాడు, ఇంటికి వచ్చి పలకరించే టీచరుంటారు. మా పిల్లలకు ఎవరూ రారు. రావడానికి వీల్లేకుండా మేమే దాచిపెడుతున్నాం, దాచకపోతే బతకనివ్వరు కాబట్టి.

నా వినతి ఇది. రెండు శాఖల నుంచి ఒక్కొక్కరు, పరీక్షల బోర్డు నుంచి ఒకరు, ఏదైనా ఒక కేంద్రంలో ఒక పూట కూర్చోండి. మొదటి మూడు అంశాలకు కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. అది వచ్చే విద్యాసంవత్సరం మొదలయ్యేలోపు రావాలి. మిగతావాటి మీద ఎవరు ఏం చేస్తారో, ఎప్పటిలోగా చేస్తారో రాతపూర్వకంగా చెప్పండి. ‘అందినది’ అన్న జవాబు మాత్రం ఈసారి వద్దు.

ప్రధానోపాధ్యాయులు సర్క్యులర్ కోసం ఆగనక్కర్లేదు. వచ్చే నెల మొదటి వారంలో మా దగ్గర నుంచి ఇద్దరు పిల్లలు ఇంటికి వెళుతున్నారు. ఒకడు పదో తరగతి, ఒకడు తొమ్మిది. ఇద్దరి బడులకూ పాఠాల పట్టిక కోసం ఫోన్ చేసి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులైంది. పదో తరగతివాడు రోజూ సాయంత్రం నేను గదిలోకి రాగానే నా చేతులవైపు చూస్తాడు, కాగితం వచ్చిందేమోనని.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్